ఒగ్గు కథకు టేప్ రికార్డరా, ఫోనా?

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథను రెండింటిలోనూ రికార్డు చేశాను. చిన్నప్పుడు నాన్న టేప్ రికార్డర్‌లో, మొన్న సంక్రాంతికి ఫోన్‌లో.

ఫోన్‌లో మాట స్పష్టం, టైమ్ టెన్షన్ లేదు. 60 నిమిషాల క్యాసెట్ అయితే ఒకవైపు 30 నిమిషాలకే టక్కున ఆగేది. తిప్పి వేసి, ప్లే, రికార్డ్ బటన్లు రెండూ కలిపి నొక్కేలోపు కథ ముందుకెళ్లిపోయేది.

అయినా డోలు విషయంలో నా ఓటు టేపుకే. దెబ్బ గట్టిగా పడగానే రికార్డర్‌లోని ఆటో లెవెల్ (సౌండును దానంతటదే సరిచేసే ఏర్పాటు) సౌండును తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచేది. ఆ సందులో టేపు బుసతో పాటు జనం మాటలు, పిల్లల బూరలు పైకి తేలేవి. జాతరే ఇంట్లోకి వచ్చినట్టుండేది! నా ఫోన్ వాటిని రొద అనుకుని నొక్కేస్తుంది.

ఆ క్యాసెట్ల వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ చెవులు విరిచేసి దాచాను, ఎవరూ చెరిపి రికార్డు చేయకుండా.