ధర్మాబాద్‌ల బొంత కుట్టు క్లాస్, చెయ్యి ఎంతవరకు వచ్చిందో చూస్కోవాలంటే ఈడికే పోండ్రి

మహారాష్ట్రల ఉన్న మా ధర్మాబాద్‌ల ఒక అక్క ఇంట్లనే బొంత కుట్టుడు నేర్పుతది, బోర్డు గీర్డు ఏం లేదు, మరాఠీల అడిగితే మరాఠీల, తెలుగుల అడిగితే తెలుగుల చెప్తది. వేరే కాడికి పోతే ఎన్నేండ్ల సంది కుడ్తున్నవ్ అని అడిగి బిగినర్ అనో అడ్వాన్స్ అనో రాస్కుంటరు, ఈ అక్క అదేం అడగది. రెండున్నర ఇంచుల చదరం ముక్కలు 9 చేతుల పెట్టి అంచుకు పావు ఇంచు మార్జిన్ ఇడిచి మూడేసి ముక్కల మూడు వరుసలుగ మెషిన్ మీద జోడించమంటది, ఇస్త్రీ చేసినంక స్కేలు మనకే ఇస్తది. సరిగ్గ ఆరున్నర ఇంచులు రావాలె. ఒక్కో అతుకుల రెండు ముక్కల మార్జిన్లు పోతయి గదా, ఒక్కో మార్జిన్ ఇంచుల 16వ వంతు ఎక్కువ పోయినా రెండు అతుకులకే పావు ఇంచు తగ్గి ఆరుంబావు వస్తది, గింతే గదా అనుకుంటం గని ఎనిమిది అతుకులకు ఇంచు మాయమైతది, ఇగ పక్క వరుసతోని మూలలు ఎట్ల కలుస్తయి చెప్పుండ్రి!

చేతికుట్టుకైతే బొంత తిరగేసి చూస్తది. పైన ఎవలైనా మంచిగనే వేస్తరు, కిందికెల్లి కుట్లు గంతే సమానంగ ఉన్నయా, అస్తరు ముడుతలు పడ్డదా అనేదే అసలు సంగతి. ఇంచుకు ఎన్ని కుట్లు అనేది తర్వాత. నాకు ఇది శానా నచ్చింది, ఎందుకంటే మా దిక్కు పాత చీరలు పొరలు పొరలుగ పరిచి అంచుకెల్లి లోపటికి గోధడి కుట్టుకుంట పోయే పెద్దమ్మలు స్కేలు ముట్టరు, అయినా వాళ్ల కుట్టు ముందట మనమెంత, కానీ అదే పెద్దమ్మకు వంపు ముక్కలు ఇచ్చి జోడించమంటే మొదటికెల్లి నేర్చుకోవాల్సిందే. ఒక్క పనిల పైన ఉంటం, ఇంకో పనిల కింద ఉంటం, అన్నిటికి కలిపి ఒక్కటే మార్కు వేసుకుంటే ఏం తెలుస్తది? నాకు చేతికుట్టు గట్టిగ వచ్చింది, మూలలు కలుపుడు నడిమిట్ల ఉంది, వంపులు ఇంకా రాలే, ఇది అక్క చెప్పలే, నేనే కొలుచుకొని రాస్కున్న.

ఇబ్బంది ఏందంటే మెషిన్లు తక్కువ, వంతు కోసం కూసోవాలె, సాయంత్రం బ్యాచ్‌ల లైటు సరిపోదు, నల్ల బట్ట మీద నల్ల దారం అస్సలు కనవడది, పొద్దుటి బ్యాచే అడగండ్రి.

పోయేటప్పుడు మీరు కుట్టింది ఒకటి పట్టుకపోండ్రి, పెట్టెల దాసుకున్నది కాదు, రోజు కప్పుకునేది, నాలుగు సార్లు ఉతికినంక అతుకులు ఎట్ల ఆగినయో అక్క ముందుగాల అదే చూస్తది.