మందు మేలూ కీడూ: విడివిడిగా లెక్కేయాలా, మనిషిని మొత్తంగా చూడాలా?

షుగరు ఉండి గుండెజబ్బు ఇంకా రానివాళ్ళు ముందు జాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలా? నెల్లూరు పొగతోటలో డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఉండే సందేహమే ఇది. బ్రిటన్‌లో అసెండ్ అనే ట్రయల్‌లో ఇలాంటివాళ్ళనే 15,480 మందిని తీసుకుని, సగటున 7.4 ఏళ్ళు గమనించి, 2018లో ఫలితాలు చెప్పారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఆస్పిరిన్ వాడినవాళ్ళలో 8.5 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 9.6 శాతం మందికి వచ్చాయి. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఆస్పిరిన్ వైపే ఎక్కువ: 4.1 శాతం, అటువైపు 3.2.

ఇవే అంకెలను నిష్పత్తుల్లో చెబితే గుండె ముప్పు 12 శాతం తగ్గింది, రక్తస్రావం 29 శాతం పెరిగింది. కావలిలో మా బాబాయికి ఇలా చెప్పి చూశాను. "మేలు పన్నెండు, కీడు ఇరవై తొమ్మిదా? ఇంకెందుకబ్బయా ఆ బిళ్ళ!" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ రెండు శాతాలూ వేర్వేరు మొత్తాల మీద లెక్కకట్టినవి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడానికి కుదరదు. మేలు, కీడు తూచడానికి నిష్పత్తులు పనికిరావు, అంతే.

వెయ్యిమందికి ఎంతమంది అని చూస్తే బొమ్మ మారిపోతుంది. ఏడేళ్ళు పైచిలుకు వాడితే వెయ్యిమందిలో 11 మందికి గుండె, మెదడు సమస్య తప్పింది, 9 మందికి అదనంగా పెద్ద రక్తస్రావమైంది. మరోలా చెప్పాలంటే 91 మంది వాడితే ఒకరికి మేలు, 112 మంది వాడితే ఒకరికి కీడు. దాదాపు సరికి సరి. ఇంట్లో కూర్చుని డాక్టరుతో మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి లెక్క లేదు. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో బిళ్ళలు కొని మింగేవాళ్ళకు ఆ 9 ఇంకా పెరుగుతుందని కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. (ఇదంతా గుండెపోటు రానివాళ్ళ సంగతి. ఒకసారి వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఇది చదివి ఆస్పిరిన్ ఆపకూడదు.)

కానీ 11లోంచి 9 తీసేసి "నికరంగా ఇద్దరికి మేలు" అనేస్తే మాత్రం చిక్కే. ఆ 11లో కాసేపట్లో తగ్గిపోయే చిన్న స్ట్రోకూ ఉంది, గుండెపోటుతో చావూ ఉంది. ఆ 9లో మెదడులో రక్తస్రావమూ ఉంది, కడుపులో రక్తం పోయి నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అన్నిటికీ ఒకటే మార్కు. పైగా గుండెపోటు, రక్తస్రావం రెండూ ఒకే మనిషికి వచ్చాయా, ఇద్దరికి చెరొకటి వచ్చిందా అన్నది ఈ లెక్కలో కనపడదు.

ఇక్కడే మూడో పద్ధతి అందుకుంటుంది. మందు వాడిన ప్రతి మనిషినీ వాడని ప్రతి మనిషితో జతకట్టి, మొత్తం మీద ఎవరి పరిస్థితి మెరుగో చూస్తారు. ముందు చావు, అక్కడ తేడా లేకపోతే పక్షవాతం, ఆ తర్వాత రక్తస్రావం, ఇలా వరస. మందు వాడినాయన పరిస్థితి మెరుగైతే గెలుపు, వాడనాయనది మెరుగైతే ఓటమి. 2012లో పోకాక్ బృందం చెప్పిన విన్ రేషియో (గెలుపులను ఓటములతో భాగించడం), 2015లో యాంటీబయాటిక్ ట్రయల్స్ కోసం ఎవాన్స్ బృందం తెచ్చిన డోర్ (మందు వాడినాయన ఫలితం మెరుగ్గా ఉండే అవకాశం నూటికి ఎంతో చెప్పేది) ఈ దారిలోవే.

విన్ రేషియోలో ఒక మాయ ఉంది. నూరు జతల్లో 6 గెలుపులు, 4 ఓటములు, 90 సరిసమానం అనుకోండి. రేషియో 1.5. ఇంకో మందుకు 60 గెలుపులు, 40 ఓటములు. దానికీ 1.5. మొదటి మందు నూటికి తొంభై జతల్లో ఏమీ చేయలేదన్న సంగతి ఎక్కడికో పోయింది. గెలుపుల్లోంచి ఓటములు తీసేస్తే ఒకదానికి 2, ఇంకోదానికి 20. 2010లో బైజ్ సూచించిన నెట్ బెనిఫిట్ ఇదే. డోర్ లెక్కలో సరిసమానాన్ని చెరిసగం పంచుతారు కాబట్టి 51, 60 వస్తాయి. ట్రయల్ నడిపేవాళ్ళకు నా ఓటు ఈ రెంటిలో దేనికైనా వేస్తాను, ఒట్టి విన్ రేషియోకు వేయను. వెయ్యిమంది లెక్కను మాత్రం పక్కనే అచ్చు వేయాల్సిందే.

అసలు పేచీ వరస దగ్గరే. డాక్టర్లు చావునే అన్నిటికంటే చెడ్డ ఫలితంగా పెడతారు. మన పెద్దవాళ్ళనడిగితే "మంచాన పడకుండా పోతే చాలు" అంటారు. 2018లో వచ్చిన డాన్ అనే పక్షవాతం ట్రయల్‌లో పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకూ, చనిపోయినవాళ్ళకూ ఒకటే మార్కు ఇచ్చారు, సున్నా. నెల్లూరులోనో ఒంగోలులోనో రేపు ఒక ట్రయల్ పెడితే ఆ వరసను రోగులనీ, వాళ్ళకు సేవ చేసే ఇంటివాళ్ళనీ అడిగి, మొదటి మాత్ర ఇవ్వకముందే రాసి పెట్టుకోవాలి. ఫలితాలు చూశాక వరస రాసుకునేట్టయితే ఏ మందునైనా గెలిపించొచ్చు.