ప్రైవేటు లాయర్ నుంచి లీగల్ ఎయిడ్ దాకా: నా విడాకుల కేసు అనుభవం

నా కేసు నాలుగేళ్లకు పైగా నడిచింది. కంటెస్టెడ్‌గా (అవతలివాళ్లు ఒప్పుకోకుండా పోరాడే కేసుగా) మొదలై మ్యూచువల్‌లో (ఇద్దరి అంగీకారంతో) తేలింది. మధ్యలో లాయర్ మారారు. అందుకని రెండు రకాల కేసుల గురించీ, డబ్బిచ్చి పెట్టుకున్న లాయర్ గురించీ, ఉచితంగా వచ్చిన లాయర్ గురించీ రాస్తున్నాను.

మొదటి లాయర్ గారు హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద, క్రూరత్వం కారణంగా చూపి ఓపీ (అసలు విడాకుల పిటిషన్) వేశారు. మా ఊరి కోర్టులోనే వేశారు, అది మేలయింది. 2003 సవరణ వచ్చాక భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చు. లేకపోతే ప్రతి వాయిదాకీ నేను హైదరాబాద్ రైలెక్కాల్సి వచ్చేది. పిటిషన్ కూడా గట్టిగానే రాశారు. ఆయనకు నేనిచ్చే మార్కులు అంతవరకే.

ఫీజు నోటిమాటగా మాట్లాడుకున్నదే, కాగితం మీద ఏమీ లేదు. అవతలివాళ్ల కౌంటర్ (రాతపూర్వక జవాబు) వస్తే కొంత, ఐఏ (కేసు మధ్యలో వేసే చిన్న పిటిషన్) వేస్తే కొంత, గుమస్తా ఖర్చులని కొంత. వాయిదా రోజు జూనియర్ వచ్చి టైమ్ అడిగేవాడు. అవతలివాళ్లూ అదే పని. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. మాకు ఆ ఆరు నెలల్లో కౌంటరే పడలేదు. ఒకసారి "ఆర్గ్యుమెంట్స్ అయిపోయాయమ్మా" అన్నారు. సాయంత్రం ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూస్తే ఆ రోజు కేసు ఇంకా కౌంటర్ దగ్గరే ఉంది. ఆ యాప్ మాత్రం ఫోన్లో పెట్టుకోండి, చాలా టెన్షన్ తగ్గుతుంది.

అప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. అక్కడ ఇచ్చే ఉచిత లాయర్ తెల్లకార్డు ఉన్నవాళ్లకే అనుకుంటారు చాలామంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు, ఉద్యోగం ఉన్నా ఇస్తారు. వెళ్లలేనివాళ్లు 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. అర్జీ పెట్టడం తేలికే. పాత లాయర్ గారి దగ్గర ఎన్ఓసీ (వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం), ఫైలు తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ సంస్థ లాయర్ల ప్యానల్ నుంచి వచ్చిన మేడం గారు చేసిన మొదటి పని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం (కేసు నడిచినన్నాళ్లూ ఇచ్చే భరణం) పిటిషన్. దాంతో కేసు నడకే మారింది. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి భరణం అడిగినప్పుడు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాలి. భరణం కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. అంటే వాయిదాలు లాగినకొద్దీ బకాయి పెరుగుతుంది. జీతం స్లిప్పులు బయటపెట్టాల్సిన రోజు దగ్గరపడేసరికి, అన్నాళ్లూ పలకని అవతలి పక్షం తనంతట తానే మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర రాజీ) అడిగింది. అలా కేసు మ్యూచువల్ దారి పట్టింది.

మ్యూచువల్ అంటే రెండు సంతకాలే కదా అంటారు. అసలు పని అక్కడే ఉంది. ఒప్పందం ముసాయిదాలో "పాప చదువు ఖర్చు తండ్రి భరించును" అని ఒక్క ముక్క ఉంది. మేడం గారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి ఫీజు, బస్సు, పుస్తకాలు, ఏ నెల ఏ తేదీలోపు, ఏ ఖాతాలో, ఏటా ఎంత పెంపు అన్నీ రాయించారు. నగలు "బంగారు వస్తువులు" అని కాకుండా ఒక్కొక్కటి గ్రాములతో సహా. ఒప్పందం ప్రకారం రావాల్సిన మిగతా డబ్బు డీడీ రెండో మోషన్ (మ్యూచువల్‌లో కోర్టు ముందు రెండోసారి, చివరిగా అంగీకారం చెప్పే వాయిదా) రోజు కోర్టులోనే చేతికి రావాలన్నారు. డిక్రీ అయ్యేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి ముందే సర్వం వదులుకుని సంతకాలు పెట్టొద్దన్నారు. మేం విడిగా ఉండి చాలాకాలమైంది, అన్నీ తేల్చుకున్నాం కూడా. అందుకని 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు చూపించి మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య ఉండే ఆరు నెలల ఆగుడు మాఫీ చేయించారు. అది జడ్జి గారి ఇష్టం, అందరికీ ఇస్తారని అనుకోవద్దు.

లోటు లేదనను. ఆవిడ ఫోన్ ఎత్తరు. పొద్దున్నే కోర్టు దగ్గర పట్టుకోవాలి, చెప్పాలనుకున్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

డిక్రీ సర్టిఫైడ్ కాపీ రాగానే షరతులన్నీ అందులో ఉన్నాయో లేదో చదువుకోండి. మా దాంట్లో పాప పేరు తప్పు పడింది. దిద్దించడానికి మళ్లీ ఓ పిటిషన్ వేశారు, దానికీ ఆవిడ నా దగ్గర రూపాయి తీసుకోలేదు.