వా ముందు, డిస్టార్షన్ వెనక: క్రై బేబీ, డీఎస్-1 కలిపి వాడిన బెజవాడ గిటారిస్టు సమీక్ష

డన్‌లప్ కంపెనీ క్రై బేబీ జీసీబీ95, బాస్ కంపెనీ డీఎస్-1. మొదటిది వా: పాదంతో ఆడిస్తే గిటార్ "వా వా" అన్నట్టు పలుకుతుంది. రెండోది డిస్టార్షన్: గిటార్ శబ్దాన్ని కరుకుగా చేస్తుంది. ఏళ్లుగా స్టేజీ మీద నా కాళ్ల దగ్గర ఉండే పెడల్స్ ఇవే. బెజవాడ చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లకీ, దసరా పందిళ్లకీ, ఆదివారం చర్చి ఆరాధనకీ వీటినే తీసుకెళ్తాను. విడిగా దేనికది మంచి పెడలే. రెండూ ఒకేసారి ఆన్ చేసినప్పుడే చిక్కంతా. మా దగ్గర కుర్రాళ్లు చాలామంది ఒకసారి కలిపి చూసి, ఆ హోరు భరించలేక వాను అటకెక్కించేస్తుంటారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. గిటార్ నుంచి వచ్చే లైన్‌లో వా ముందు, డిస్టార్షన్ తర్వాత. వా వాడే పాటల్లో డీఎస్-1 మీద డిస్ట్ నాబ్‌ని (డిస్టార్షన్ ఎంతో తేల్చేది) గడియారంలో తొమ్మిది దగ్గరే ఆపేయండి. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, చాలదేమో అనిపిస్తుంది. చాలుతుంది, మిగతా గెయిన్ వా ఇస్తుంది.

ఎలాగంటే, వా పుట్టిందే మిడ్ (మధ్య స్థాయి శబ్దాల) కంట్రోల్‌లోంచి. 1966లో థామస్ ఆర్గాన్ కంపెనీ ఇంజినీరు బ్రాడ్ ప్లంకెట్, వాక్స్ ఆంప్లిఫయర్ (ఆంప్)లోని మిడ్‌రేంజ్ స్విచ్‌కి బదులు తిప్పే పాట్ (నాబ్ కింద ఉండే భాగం) పెట్టి చూస్తుంటే ఈ శబ్దం దొరికింది. ఆ సర్క్యూట్‌నే ఆర్గాన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలో బిగించారు. మన పాదం కింద కదిలేది సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ దాకా పాకే ఒక బూస్ట్ అన్నమాట, అంటే ఆ శబ్దాలని పెంచేది. పాదం ఎక్కడ ఆగితే అక్కడి ఫ్రీక్వెన్సీలు పైకి లేచి, డిస్టార్షన్‌లో అవే ముందుగా క్లిప్ అవుతాయి, అంటే అంచులు తెగి కరుకుగా పలుకుతాయి. డిస్ట్ నాబ్ ఫుల్లుగా పెట్టారనుకోండి, అన్నీ ఒకేలా నలిగిపోతాయి. పాదం ఎంత ఆడించినా గొంతు మారదు, బుస్సుమనే శబ్దం పెరుగుతుందంతే.

మీరే చూసుకోవచ్చు. మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద డి నోట్ పట్టుకుని, మడమ నుంచి వేళ్ల వైపు మెల్లగా నొక్కుతూ వెళ్లండి. డిస్ట్ తొమ్మిది దగ్గర ఉంటే "ఊ" నుంచి "ఆ" దాకా నోరు తెరుచుకున్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది. అదే నాబ్ రెండు మీదకి తిప్పి మళ్లీ వాయిస్తే ఆ తెరుచుకోవడం సగానికి సగం మాయం.

తర్వాత టోన్ నాబ్. డీఎస్-1 టోన్ సర్క్యూట్ మధ్యలో ఉన్నప్పుడు 500 హెర్ట్జ్ ప్రాంతంలో గుంట తవ్వుతుంది, అంటే ఆ శబ్దాలు తగ్గిపోతాయి. వా కింది సగం కదలిక కచ్చితంగా ఆ గుంటలోనే పడుతుంది. టోన్‌ని ఎడమకి, తొమ్మిదికీ పదికీ మధ్యకి తెస్తే గుంట పూడుతుంది, పైన గీరుకునే ట్రెబుల్ కూడా తగ్గుతుంది. ఈ విషయంలో మాత్రం ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ (మెత్తటి డిస్టార్షన్) పెడల్‌దే పైచేయి. దాని మిడ్ హంప్ (మధ్య శబ్దాలు ఉబ్బే చోటు) 720 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి వాతో ఇట్టే కలిసిపోతుంది. అయినా మాస్ బీట్ పాటలకి కావలసిన కరుకుదనం దాంట్లో నాకు దొరకలేదు.

వరస తిప్పి డిస్టార్షన్ తర్వాత వా పెడితే సింథ్ ఫిల్టర్ లాంటి పెద్ద ఊపు వస్తుంది. ఇంట్రోలో బాగుంటుంది. సోలో మొత్తం అలాగే వాయిస్తే, మడమ వైపు శబ్దం మునిగిపోయి వేళ్ల వైపు చెవిలో పొడుస్తుంది. అలా వాడితే డీఎస్-1 లెవెల్ తప్పనిసరిగా తగ్గించాలి. ఫజ్ ఫేస్ అనే పెడల్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, ముందు వా పెడితే ఊళ వేస్తుంది, మధ్యలో బఫర్ (ఒక పెడల్ భారం ఇంకోదాని మీద పడకుండా చూసే సర్క్యూట్) ఉండాలి. డీఎస్-1 ఇన్‌పుట్‌లోనే బఫర్ ఉంది కాబట్టి మనకా గొడవ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఇంట్లో ఆంప్ ముందు కూర్చుంటే సరిపోతుంది. మన ఫంక్షన్లలో గిటార్ ఆంప్ ఎక్కడుంటుంది? లైన్ నేరుగా మిక్సర్‌కి వెళ్తుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, అందుకే డిస్టార్షన్ అందులో నునుపుగా వినిపిస్తుంది. పందిట్లో హారన్ ఉన్న బాక్సులు పైన ఉన్నదంతా బయటికి కొట్టేస్తాయి. దాని మీద వా వేళ్ల వైపు నొక్కితే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. చివర్లో చిన్న క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ బాక్సులా పలికించేది) పెట్టుకోవడమే దీనికి మందు. అది లేని రోజు సౌండ్ ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, నా ఛానల్ హై బాగా తగ్గించు, మిడ్ ముట్టుకోకు" అని అడుగుతాను. పెడల్‌ని కూడా మూడొంతులు దాటి నొక్కను.

కరెంటు సంగతీ చూసుకోవాలి. జనరేటర్, సీరియల్ లైట్లు, ఒకే అడాప్టర్‌తో రెండు పెడల్స్ అంటే హమ్ (గుయ్యిమనే మోత) ఖాయం. డిస్టార్షన్ ఆ హమ్‌ని పెంచుతుంది, వా దాన్ని కూడా ఊపుతుంది. పందిళ్లలో వాకి 9 వోల్టుల బ్యాటరీయే వేస్తాను. అది తీసుకునే కరెంటు చాలా తక్కువ, బ్యాటరీ నెలలు వస్తుంది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ పీకేస్తే చాలు. వా లోపలున్న ఇండక్టర్ (తీగ చుట్ట) అయస్కాంత క్షేత్రాన్ని పట్టేస్తుంది, అడాప్టర్‌ని దాని పక్కన పెట్టకండి.

మన దుమ్ముకి ఏ వా పాట్ అయినా ఎప్పుడో ఒకప్పుడు గరగరమంటుంది. అడుగున నాలుగు రబ్బరు కాళ్లు తిప్పితే ప్లేటు ఊడి వస్తుంది, కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి పెడల్ నాలుగుసార్లు ఆడిస్తే సరి. జీసీబీ95కి ఎల్ఈడీ లేదు, ఆన్‌లో ఉందో లేదో చెవితోనే తెలుసుకోవాలి.

చర్చిలో నేను వాను ఊపడం తక్కువ. సగానికి కొంచెం పైన ఆపేసి, డిస్ట్ ఎనిమిది దగ్గర పెట్టి, అలాగే సోలో వాయిస్తాను. కీబోర్డు ప్యాడ్లు (వెనక సాగే స్వరాలు) ఎంత దట్టంగా ఉన్నా గిటార్ వాల్యూమ్ పెంచకుండానే పైకి తేలుతుంది. డీఎస్-1 ఇప్పటికే ఉన్నవాళ్లు వా ఒక్కటి తెచ్చుకుంటే చాలు. రెండూ కొత్తగా కొనేవాళ్లు, మీరు వాయించేది మెలోడీలే అయితే డీఎస్-1 బదులు ఓవర్‌డ్రైవ్ తీసుకోండి.