సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవాళ్లకు జాగ్రత్త: చెక్ ఇంజిన్ లైటు వెలగనంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు

పెట్రోల్ పికప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు బండి అమ్మిన డీలరు ఫాల్ట్ కోడ్ (లోపం కనిపించినప్పుడు బండి కంప్యూటర్ దాచుకునే నంబరు) చెరిపేసి అంటగట్టాడు. ఆ తర్వాత రిపేరుకు ఇచ్చిన షెడ్డులో ఏ పరీక్షా చేయకుండానే ఖరీదైన పార్టు మార్చారు. రెండు చోట్లా డబ్బు పోయింది. ఇంకొకరికి ఇలా జరగకూడదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు బండి చక్కగా నడిచింది. డ్యాష్‌బోర్డులో ఏ లైటూ లేదు. కొన్న కొద్ది రోజులకే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఆ కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0455 అనే కోడ్ వచ్చింది. పెట్రోలు ఆవిరిని బయటికి పోకుండా ఆపే వ్యవస్థలో పెద్ద లీకు ఉందని దాని అర్థం. డీలరుకు ఫోన్ చేస్తే "ట్యాంకు మూత సరిగ్గా బిగించి ఉండరు సార్" అన్నాడు. మూత బిగించే ఉంది. అయినా కొత్తది కొని వేశాను. లైటు మళ్లీ వచ్చింది.

అప్పుడు స్కానర్‌లో ఇంకో సంగతి బయటపడింది. కోడ్‌లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో చాలా బండ్ల కంప్యూటర్లు లెక్క పెడతాయి. నా బండిలో ఆ అంకె, నేను కొన్నాక తిరిగిన దూరం దాదాపు ఒకటే. బ్యాటరీ తీసినా చాలా బండ్లలో ఆ లెక్క సున్నాకు వస్తుంది, నిజమే. కానీ బ్యాటరీని ముట్టుకోలేదని ఆ డీలరే అంతకుముందు నాతో గట్టిగా చెప్పాడు.

ఈ ఫాల్ట్‌ను దాచడం ఎందుకంత తేలికో తెలియాలంటే వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని బొగ్గు నింపిన డబ్బా, అంటే చార్‌కోల్ క్యానిస్టర్, పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. క్యానిస్టర్‌కు బయటి గాలి వెంట్ వాల్వ్ నుంచి అందుతుంది. చాలా బండ్లలో లీకు పరీక్ష ఇలా జరుగుతుంది: కంప్యూటర్ వెంట్ వాల్వ్ మూసి, లోపల వాక్యూమ్ నిలుస్తోందా లేదా అని ప్రెజర్ సెన్సర్‌తో చూస్తుంది. ఈ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. బండి బాగా చల్లారాక స్టార్ట్ చేయాలి. ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు, మామూలుగా 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. సాధారణంగా వరుసగా రెండుసార్లు ఫెయిలైతేనే లైటు వెలుగుతుంది. కాబట్టి కోడ్ చెరిపితే కొన్ని రోజులు ఏ లైటూ ఉండదు. అమ్మేవాడికి ఆ కొన్ని రోజులు చాలు. నాకు బండి ఇచ్చేటప్పుడు ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి ఇచ్చారు. అంత నిండుగా ఉంటే పరీక్ష అసలు మొదలే కాదు.

అందుకే కొనేముందు స్కానర్ తీసుకెళ్లండి. లేకపోతే స్కానర్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్లండి. కోడ్‌లు లేవని చూసి ఊరుకోకుండా రెడీనెస్ పేజీ తెరవండి, బండి తనను తాను చేసుకునే పరీక్షల్లో ఏవి పూర్తయ్యాయో అందులో ఉంటుంది. అక్కడ ఈవాప్ (పైన చెప్పిన పెట్రోలు ఆవిరి వ్యవస్థ) అనే వరుసలో "పూర్తి కాలేదు" అని ఉంటే పరీక్ష ఇంకా జరగలేదని అర్థం. అదొక్కటే పూర్తి కాకపోతే వాతావరణమో, ట్యాంకు లెవలో కారణం కావచ్చు. మిగతావి కూడా పూర్తి కాకుండా ఉంటే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. కొత్త మోడళ్లలో పర్మనెంట్ కోడ్‌లు కూడా ఉంటాయి. అవి స్కానర్‌తో చెరిపినా పోవు. బండి తనంతట తాను పరీక్ష పాసైతేనే పోతాయి. డీలరు ఎంత తొందరపెట్టినా ఇవి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక షెడ్డు సంగతి. కోడ్ చూడగానే "క్యానిస్టర్ పోయింది" అన్నారు. స్మోక్ టెస్ట్, అంటే పొగ పంపి లీకు ఎక్కడుందో చూసే పరీక్ష, చేశారా అని అడిగితే అవసరం లేదన్నారు. క్యానిస్టర్ మార్చారు, అదే కోడ్ మళ్లీ వచ్చింది. పాతది ఇవ్వమంటే పారేశామన్నారు. కోడ్ లీకు ఉందని మాత్రమే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. ఈ మాట మీ మెకానిక్‌కు చెప్పడానికి మొహమాటపడకండి.

వేరే మెకానిక్ స్కానర్‌తో వెంట్ వాల్వ్ మూయించి, లైనులోకి పొగ పంపాడు. మూసుకోవాల్సిన ఆ వాల్వ్ నుంచే పొగ ధారగా వచ్చింది. పికప్‌లలో ఇది చాలాసార్లు బండి కింద, ఛాసిస్ పక్కన ఉంటుంది. రోడ్డు మీది బురద, దుమ్ము అంతా దానికే తగులుతుంది. లోపల మట్టి గట్టిపడి వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు. క్యానిస్టర్‌తో పోలిస్తే ఆ వాల్వ్ ఖర్చు చాలా తక్కువ. ఈ స్మోక్ టెస్ట్ చాలా తక్కువ ఒత్తిడితో చేయాలి, 1 పీఎస్‌ఐ కంటే తక్కువ. ఎవరైనా మామూలు కంప్రెసర్ గాలి పెట్టబోతే ఆపండి, ట్యాంకు, సెన్సర్ దెబ్బతింటాయి.

లక్షణాలు చూసినా కొంత తెలుస్తుంది. పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడండి. దాన్ని విప్పి, కరెంటు లేకుండా ఊదితే గాలి అవతలికి పోకూడదు. వెంట్ వాల్వ్ దీనికి ఉల్టా, కరెంటు లేనప్పుడు గాలి పోవాలి. బంకులో నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంటే వెంట్ దారి మూసుకుపోయి ఉండొచ్చు. నాజిల్ ఒకసారి ఆగాక పైన ఇంకా కొట్టించకండి, పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది.

రిపేరుకు ఇచ్చేముందే స్మోక్ టెస్ట్ చేస్తామని, పాత పార్టు తిరిగి ఇస్తామని రాయించుకోండి. కోడ్ చెరిపి బండి ఇచ్చినప్పుడు లైటు లేదని సంతోషించకుండా, ఈవాప్ వరుసలో "పూర్తయింది" అని వచ్చేదాకా వారంటీ బిల్లు చేతిలోనే ఉంచుకోండి.