గ్రేట్ ఓషన్ రోడ్డు మీద అద్దె వాహనం: మూడు రోజుల అనుభవం, ఒక ఫిర్యాదు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో టోర్కీ పట్టణం నుంచి వార్నంబూల్ సమీపంలోని అలన్స్‌ఫర్డ్ వరకు 243 కిలోమీటర్లు, చాలా మేరకు సముద్రాన్ని ఆనుకునే సాగే గ్రేట్ ఓషన్ రోడ్డును చూడడానికి గత మార్చిలో మేము ఐదుగురు స్నేహితులం ఒక ఎనిమిది సీట్ల వాహనాన్ని మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాము. విశాఖపట్నంలో ఒకే కళాశాలలో చదువుకున్న వాళ్లం. నేను మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను; ఇద్దరు హైదరాబాదు నుంచి, ఒకరు విశాఖ నుంచి, మరొకరు సిడ్నీ నుంచి వచ్చారు. మెల్‌బోర్న్‌లో తెలుగువారు చాలామంది ఉన్నారు, సెలవులు వస్తే బంధుమిత్రులను ఈ రోడ్డుకు తీసుకువెళ్లడం మన వారిలో ఆనవాయితీగా మారింది కాబట్టి, అద్దె వాహనం తీసుకోవాలా, ఒక్క రోజు బస్సు టూరుకు వెళ్లాలా అని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: అద్దె వాహనమే తీసుకోండి, కాని ఒప్పందంలో గాజు, టైర్ల గురించి ఏం రాశారో చదవకుండా సంతకం చేయకండి. సంస్థ పేరు రాయడం లేదు. ఆ తర్వాత మరో మూడు సంస్థల షరతులు తెప్పించుకుని చదివితే, నాకు ఇబ్బంది కలిగించిన నిబంధన వాటిలోనూ దాదాపు అలాగే ఉంది.

ఐదుగురికి ఎనిమిది సీట్లు ఎందుకని స్నేహితులు మొదట అడిగారు. ఐదు సీట్ల కారులో ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే వెనుక మధ్యలో కూర్చున్నవాడు మూడు రోజులూ మోకాళ్లు ముడుచుకుని ఉండాలి. పైగా నాలుగు పెద్ద సూట్‌కేసులు డిక్కీలో పట్టవు. ఎనిమిది సీట్ల బండిలో చివరి వరుసలో ఒక భాగం మడిచి సామాను పెట్టుకుని, మిగిలిన చోట కాళ్లు చాపుకుని కూర్చోగలిగాము. విమానాశ్రయంలోని కౌంటరులో తీసుకుంటే అద్దె మీద అదనపు రుసుము వేస్తున్నారు కాబట్టి, స్నేహితులను ముందురోజే ఇంటికి తెచ్చుకుని, మరునాడు ఉదయం నగరంలోని డిపో నుంచి వాహనం తీసుకున్నాము. దానివల్ల విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే టోల్ రోడ్డు ఖర్చు కూడా అద్దె బండి మీద పడలేదు.

డిపోలోని ఉద్యోగి మర్యాదస్తుడు. చేతిలో టాబ్లెట్ పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, మూడు గీతలు నమోదు చేసుకుని, సంతకం పెట్టమన్నారు. మా విశాఖ మిత్రుడు ఓడరేవులో సరుకుల తనిఖీ పని చేసినవాడు. అతను సంతకం ఆపించి, తన సీసాలో నీళ్లు కాసిన్ని బంపరు మీద పోసి జేబురుమాలుతో తుడిచాడు. దుమ్ము పోగానే వెనుక ఎడమ చక్రం పైన వేలెడు పొడుగు గీత ఒకటి, దాని పక్కనే చిన్న సొట్ట బయటపడ్డాయి. ఆ ఉద్యోగి ఏ అభ్యంతరమూ చెప్పకుండా వాటిని కూడా రాసుకున్నారు. వాహనం నాలుగు వైపులా, పైకప్పు, చక్రాలు, ముందు అద్దం, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె అన్నిటినీ వీడియో తీసుకున్నాము. అయిదు నిమిషాల పని. ఎవరూ దీన్ని మానవద్దు.

నడపడంలో మన దేశం నుంచి వచ్చినవారికి ఒక వెసులుబాటు ఉంది: ఇక్కడ కూడా ఎడమవైపే నడపాలి, స్టీరింగు కుడివైపే ఉంటుంది. హైదరాబాదు మిత్రుల్లో ఒకరి లైసెన్సు ఇంగ్లీషులో ఉండడంతో రెండవ డ్రైవరుగా అతని పేరు చేర్చారు; అందుకు రోజుకు కొంత రుసుము తీసుకున్నారు, అది సబబే. టోర్కీ నుంచి పడమర దిక్కుగా ప్రయాణిస్తే సముద్రం మన ఎడమ పక్కనే ఉంటుంది, ఆగి చూసే చోట్లు కూడా ఎక్కువగా అటువైపే వస్తాయి, ఎదురుగా వచ్చే వాహనాలను దాటుకుని కుడివైపుకు తిరగవలసిన అవసరం పెద్దగా ఉండదు. అందుచేత వెళ్లేటప్పుడు తీరం వెంబడి, తిరిగివచ్చేటప్పుడు కోలాక్ మీదుగా లోపలి రహదారిలో రావడం మంచిది. లోర్న్ నుంచి అపోలో బే వరకు ఉన్న దారి మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. ఒకవైపు కొండ, మరొకవైపు సముద్రం, నడుమ రెండే వరుసలు, మలుపు తిరిగిన వెంటనే మరో మలుపు. చివరి వరుసలో కూర్చున్న సిడ్నీ మిత్రుడికి అరగంటలోనే కడుపులో తిప్పడం మొదలైంది. అతన్ని ముందు సీటులోకి మార్చి, మా ఇంటి నుంచి తెచ్చిన శొంఠి ముక్క నోట్లో పెట్టించాక కుదుటపడ్డాడు. నిదానంగా నడిపేవారు పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడ చోటు ఇచ్చారు. వెనుక రెండు కార్లు చేరగానే పక్కకు ఆగి దారి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. స్థానికులు చెయ్యి ఊపి కృతజ్ఞత చెబుతారు.

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకు అడ్డంగా చెక్కతో కట్టిన స్మారక తోరణం ఉంది. రెండేళ్ల క్రితం బస్సు టూరులో వెళ్లినప్పుడు నేను దాన్ని ఫోటోల కోసం ఆగే చోటుగానే చూశాను. ఈసారి తీరిగ్గా దిగి, పక్కనే ఉన్న కంచు విగ్రహాల దగ్గర నిలబడ్డాము. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సుమారు 3,000 మంది సైనికులు 1919 నుంచి 1932 వరకు గునపాలు, పారలు, తోపుడుబళ్లు, మందుగుండు పట్టుకుని కొండలను తొలిచి ఈ రోడ్డు వేశారు. యుద్ధంలో చనిపోయిన తమ సహచరులకు దీన్ని అంకితం చేశారు. అంటే మనం నడిపే ఈ దారంతా ఒక స్మారకచిహ్నమే. పాత తోరణం 1983లో వచ్చిన కార్చిచ్చులో కాలిపోతే మళ్లీ కట్టారు. చేతిపనిముట్లతో ఆ రాయిని పగలగొట్టినవారి సంగతి ఇక్కడ విన్నందువల్ల కాబోలు, లోర్న్ దాటాక ఆ మలుపుల్లో కడుపు తిప్పిన మిత్రుడు కూడా విసుగ్గా ఒక్కమాట అనలేదు.

కెనెట్ రివర్ దగ్గర యూకలిప్టస్ కొమ్మల్లో నిద్రపోతున్న రెండు కోలాలను చూశాము. అపోలో బేలో స్కాలప్ పై అనే సముద్రపు వంటకం ప్రసిద్ధం. మాలో తిన్నవారు మెచ్చుకున్నారు, శాకాహారులమైన మేమిద్దరం ఇంటి నుంచి తెచ్చిన పులిహోరతో సరిపెట్టుకున్నాము. మొదటి రాత్రి అక్కడే బస చేశాము.

అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి గ్రేట్ ఓట్వే జాతీయ వనంలోకి ప్రవేశిస్తుంది. ఇక్కడ ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు, కాబట్టి మ్యాపును ముందే దించుకోవాలి, పెట్రోలు అపోలో బేలోనే నింపుకోవాలి. మెయిట్స్ రెస్ట్ అనే చోట సుమారు 800 మీటర్ల నడకదారి ఉంది. చెట్లంత ఎత్తు పెరిగిన ఫెర్న్‌ల కింద, పగటిపూటే మసకగా, తడిగా ఉన్న ఆ అడవిలో అరగంట గడిపాము. తర్వాత పక్కదారిలో కేప్ ఓట్వే దాకా వెళ్లి 1848 నాటి దీపస్తంభాన్ని చూశాము. ఆ అగ్రానికి తూర్పున ఉన్నది బాస్ జలసంధి, పడమర ఉన్నది దక్షిణ మహాసముద్రం. పడమర వైపు అలల పరిమాణం, గాలి వేగం రెండూ మారిపోవడం కళ్లకు తెలుస్తుంది.

వాహనం అద్దెకు పెట్టిన డబ్బు ఎందుకు వృథా కాలేదో ఆ సాయంత్రం తెలిసింది. ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సున్నపురాయి స్తంభాల దగ్గరికి మేము మధ్యాహ్నం మూడున్నరకు చేరేసరికి బస్సుల నిలుపుస్థలం నిండిపోయి ఉంది. నడకదారి మీద కాలు పెట్టడానికి కూడా చోటు లేనంత జనం. ఒక గైడు గడియారం చూసుకుంటూ తమవారిని తొందరపెడుతున్నారు. గంటలోపల చూసి, ఫోటో తీసుకుని, మూడు గంటల తిరుగు ప్రయాణానికి బస్సెక్కాలి. రెండేళ్ల క్రితం నేనూ అలాగే వచ్చి వెళ్లాను, ఈ చోటు గురించి నాకు తెలిసిపోయిందని కూడా అనుకున్నాను. ఈసారి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో గది తీసుకుని, సామాను పడేసి, ఏడు గంటలకు మళ్లీ వచ్చాము. నిలుపుస్థలంలో పదిపదిహేను కార్లు మాత్రమే ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడుతుంటే స్తంభాల మీది పొరలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి: అడుగున అలలు కోసిన మెడ, దాని మీద లేత పసుపు, నడుమ గోధుమరంగు గీత, పైన గుప్పెడు పచ్చగడ్డి. పేరుకు పన్నెండే అయినా ఇవి ఎన్నడూ పన్నెండు లేవు. 2005 జూలైలో సుమారు 50 మీటర్ల స్తంభం ఒకటి చూస్తుండగానే కుప్పకూలింది. దాని మొదలు ఇంకా అలల్లో రాళ్లగుట్టగా ఉంది.

ఎనిమిది గంటలు కావస్తుండగా సూర్యుడు దిగిపోయాడు. చాలామంది వెళ్లిపోయారు. పది నిమిషాల తర్వాత కింద ఇసుక మీద, అల వెనక్కి తీసిన చోట ఒక నల్లని మచ్చ మిగిలింది. బైనాక్యులర్లతో చూస్తే ఏడెనిమిది చిన్న పెంగ్విన్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. రెండడుగులు వేసి ఆగాయి, అల రాగానే మళ్లీ నీళ్లలోకి వెనుదిరిగాయి, మూడోసారికి ధైర్యం చేసి, ముందున్నది పరుగెత్తగానే మిగతావన్నీ దాని వెంటపడి కొండచరియ నీడలో కలిసిపోయాయి. భీమిలి రోడ్డు మీద సముద్రాన్ని చూస్తూ పెరిగిన మేము ఐదుగురం ఆ పావుగంటసేపు మాట్లాడుకోలేదు. బస్సు టిక్కెట్టుతో ఈ పావుగంట రాదు.

తిరిగి పోర్ట్ క్యాంప్‌బెల్‌కు పది కిలోమీటర్లకు పైన దారి. చీకటి పడ్డాక జంతువును ఢీకొంటే, నష్టంలో మనం కట్టవలసిన వాటాను తగ్గించే రక్షణ వర్తించదని మా ఒప్పందంలో ఉన్నందున, గంటకు 60 కిలోమీటర్లకు మించకుండా వచ్చాము. కంగారూ లాంటి చిన్న జంతువు, ఒక వాలబీ, రోడ్డు అంచున నిలబడి మా దీపాలను చూసింది, కదలలేదు. సూర్యాస్తమయం చూడదలచినవారు తప్పనిసరిగా దగ్గరలోనే బస చేయాలి.

మరునాడు ఉదయం లాక్ ఆర్డ్ గార్జ్ అనే, ఎత్తైన రాతిగోడల నడుమ ఉన్న ఇరుకు సముద్రపు పాయకు వెళ్లాము. 1878 జూన్ 1న ఈ తీరంలో లాక్ ఆర్డ్ అనే ఓడ మునిగిపోయి, అందులోని 54 మందిలో టామ్ పియర్స్, ఈవా కార్మైకేల్ అనే ఇద్దరే బతికి ఒడ్డుకు చేరారు. ఆ ఇరుకు ఒడ్డున నిలబడి రెండు గోడల నడుమ నుంచి దూసుకువచ్చే అలలను చూస్తే, అంతమందిలో ఇద్దరైనా ఎలా బతికారా అనిపిస్తుంది. లండన్ ఆర్చ్ అనే సహజమైన రాతి కమాను ఒకప్పుడు ఒడ్డుకు కలిసి రెండు కమానుల వంతెనలా ఉండేది. 1990 జనవరిలో ఒడ్డు వైపు కమాను కూలిపోయి, అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టరులో దించవలసి వచ్చింది. సముద్రపు ఒడ్డుకు దిగే గిబ్సన్ మెట్లు 86. రాళ్లు జారే ప్రమాదం ఉన్నప్పుడు మూసివేస్తారు, వెళ్లేముందు విచారించుకోవాలి.

ఇక ఫిర్యాదు. తిరుగు ప్రయాణంలో కాబ్డెన్ దాటాక, ఎదురుగా వచ్చిన పాల ట్యాంకరు చక్రం కింద నుంచి గులకరాయి ఒకటి ఎగిరి ముందు అద్దానికి తగిలింది. పప్పుగింజంత దెబ్బ, దాని చుట్టూ మూడు సన్నని నెరియలు. ప్రమాదం జరిగితే మన జేబులోంచి కట్టవలసిన మొత్తాన్ని ఇక్కడ ఎక్సెస్ అంటారు. మా ఒప్పందంలో అది 5,500 డాలర్లు. దాన్ని 500కు తగ్గించుకోవడానికి రోజుకు 38 డాలర్లు అదనంగా కట్టాము. కౌంటరులో నేను స్పష్టంగా అడిగాను, "అన్నీ ఇందులో వస్తాయా?" అని, "అన్నీ వస్తాయి, నిశ్చింతగా వెళ్లండి" అని జవాబు వచ్చింది. పదకొండు రోజుల తర్వాత నా కార్డు మీద 385 డాలర్లు వసూలు చేశారు. విచారిస్తే, నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో గాజు, టైర్లు, వాహనం అడుగుభాగం ఈ తగ్గింపులోకి రావని ఉంది. వాటికి వేరే రక్షణ తీసుకోవాలట, అది రోజుకు మరో 9 డాలర్లు. కాగితం ప్రకారం వారు చేసింది తప్పు కాదు, ఆ సంతకం నాదే. కాని కౌంటరులో నోటితో చెప్పిన మాటకు, కాగితంలో ఉన్నదానికి పొంతన లేకపోవడం న్యాయం కాదు. 27 డాలర్ల రక్షణ గురించి ఒక్క వాక్యం చెప్పి ఉంటే నేను సంతోషంగా కట్టేవాణ్ని. రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే విచారం తెలిపి, పరిపాలన రుసుము పేరుతో వేసిన 60 డాలర్లు వెనక్కి ఇచ్చారు, మిగతాది ఇవ్వలేదు. విశాఖ మిత్రుడు తుడిచి చూపిన గీత, సొట్టల గురించి మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

లెక్కకు వస్తే, అద్దె, ఎక్సెస్ తగ్గింపు, రెండవ డ్రైవరు, సుమారు 600 కిలోమీటర్లకు పెట్రోలు అన్నీ కలిపి ఐదుగురి మీద తలకు 165 డాలర్లు పడింది. రెండు రాత్రుల గదులు వేరు. ఒక్క రోజు బస్సు టూరుకు పెట్టే దానికన్నా ఇది కొంత ఎక్కువే. ఒక్కరో ఇద్దరో వెళ్లేటట్లయితే, నడపడం అలవాటు లేకపోతే, బస్సే మేలు. నలుగురైదుగురు ఉండి రెండు రాత్రులు గడపగలిగితే అద్దె వాహనానికి సాటి లేదు. ఐదు మార్కులకు వాహనానికి నాలుగున్నర, డిపోలో మర్యాదకు నాలుగు, ఒప్పందాన్ని వివరించిన తీరుకు ఒకటి ఇస్తాను.

డిసెంబరులో అమ్మానాన్నలు వస్తున్నారు. అదే డిపో నుంచి నాలుగు రోజులకు వాహనం మాట్లాడాను. గాజు, టైర్ల రక్షణ ఇందులో చేరిందని ఈసారి ఈమెయిలులో రాయించుకున్నాను, పోర్ట్ క్యాంప్‌బెల్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాను, అమ్మకు ముందు సీటు ఖాయం చేశాను.