విశాఖలో బస: సముద్రం కనిపించే గది కంటే ముందు చూసుకోవాల్సినవి

విశాఖలో గది వెతికేవాళ్ల కళ్లు ముందు "సీ వ్యూ" అన్న మాట మీద పడతాయి. ముందు చూడాల్సింది ఊరి ఆకారం. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు, మధ్యలో ఓడరేవు, నేవీ స్థలాలు. మిగిలిన జాగాలో ఊరు పొడుగ్గా సాగిపోయింది. గాజువాక నుంచి భీమిలి దాకా నలభై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. బుకింగ్ యాప్‌లో "విశాఖపట్నం" అని కనిపించే హోటల్ ఈ పొడవులో ఎక్కడైనా ఉండొచ్చు. గాజువాకలో అయిదొందలు తక్కువకు వచ్చిందని తీసుకుంటే, బీచ్‌కు ఒకసారి ఆటోలో వెళ్లొచ్చేసరికి ఆ మిగులు కాస్తా పోతుంది.

మొదటిసారి వచ్చి రెండు మూడు రోజులుండే కుటుంబాలకు పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు, సిరిపురం ప్రాంతాలు అన్నిటికన్నా మేలు. ఆర్కే బీచ్, కుర్సుర జలాంతర్గామి మ్యూజియం, టీయూ-142 విమానం, కాళీమాత గుడి దగ్గర్లోనే. కాంప్లెక్స్‌కు (ఆర్టీసీ బస్టాండు), రైల్వే స్టేషన్‌కు ఆటోలు ఎప్పుడూ దొరుకుతాయి. సింహాచలం వెళ్లాలంటే 28 నంబరు బస్సు ఆర్కే బీచ్ నుంచే ఉంది. ఒక్క మెలిక: సిరిపురం గట్టు మీద ఉంది, బీచ్ కింద ఉంది. "బీచ్‌కు 800 మీటర్లు" అని రాసి ఉంటే దిగడం తేలికే, ఎక్కడం మాత్రం ఏటవాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పాండురంగాపురం వైపు చూడండి.

ఇక సముద్రం ఎదురుగా ఉండే గది. డబ్బు ఎక్కువ పోసేది దీనికే, మోసపోయేదీ ఇక్కడే. ఇంత ఉప్పుగాలిలో ఏ కట్టడానికైనా ఏటా మరమ్మతు చేయిస్తూ ఉండాలి. చేయించని హోటల్‌ను పది నిమిషాల్లో పట్టేయొచ్చు. బాల్కనీలో గానీ కిటికీ పక్కన గానీ ఏసీ బయటి యూనిట్ ఉంటుంది, దాని వెనక రేకులు చూడండి. తెల్లటి పొడి పట్టి, వేలితో తాకితే రాలుతున్నాయంటే ఆ ఏసీ ఎంత తిప్పినా గది చల్లబడదు. ఏసీని 24 డిగ్రీల్లో పెట్టి పది నిమిషాలు ఆగి దుప్పటి మీద చెయ్యి వేయండి. చెమ్మగా తగిలితే ఏసీ గాలిలోని తేమను లాగడం లేదన్నమాట. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో అలాంటి గదిలో నిద్ర పట్టదు.

తర్వాత కిటికీ. జరిపే కిటికీల పట్టాలో ఇసుక, ఉప్పు పేరుకుపోతే తలుపు చివరిదాకా మూసుకోదు, గొళ్లెం పడదు. రాత్రి గాలి ఈల వేస్తుంది, వాన వస్తే నీళ్లు మంచం దాకా వస్తాయి. బాల్కనీ ఇనుప కమ్మీలు కింద సిమెంటులో దిగిన చోట వంగి చూడండి. పైన రంగు కొత్తగా ఉన్నా, అడుగున తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటే ఆ కమ్మీకి ఆనుకోవద్దు, పిల్లల్ని అసలు వదలొద్దు. బాత్రూంలో సబ్బు నురగ రాకపోతే ఉప్పు తేలిన బోరు నీళ్లు. తలస్నానం తర్వాత జుట్టు బిరుసెక్కుతుంది.

"సీ ఫేసింగ్", "సీ వ్యూ", "సైడ్ సీ వ్యూ" మూడూ ఒకటి కావు. మూడోదాంట్లో బాల్కనీ మూలకు వెళ్లి మెడ తిప్పితేనే నీళ్లు కనిపిస్తాయి. ఎదురుగా చెట్లూ కట్టడాలూ ఉన్న చోట ఒకటి, రెండు అంతస్తుల నుంచి కనిపించేది కొబ్బరి మట్టలు, ట్రాఫిక్. నాలుగో అంతస్తు, ఆ పైన అడగండి. ఇక్కడ సముద్రం తూర్పున ఉందని మరచిపోవద్దు: సూర్యోదయమే తప్ప అస్తమయం నీళ్లలో కనిపించదు. వేసవిలో అయిదున్నరకల్లా ఎండ నేరుగా మంచం మీదికొస్తుంది, అందుకే పరదా మందంగా ఉందో లేదో చూడాలి. తెల్లవారుజామున నడక కోసం వచ్చేవాళ్లకని బీచ్ రోడ్డులో కొంత భాగం వాహనాలకు మూస్తారు. పొద్దున్నే రైలుంటే, క్యాబ్ వెనక వీధిలోకే వస్తుందా అని ముందు రాత్రే రిసెప్షన్‌లో అడిగి పెట్టుకోండి.

అరకు వెళ్లేవాళ్లు ఆ ముందు రాత్రి స్టేషన్ దగ్గరే ఉండడం నయం. అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఉదయం 7 లోపే బయల్దేరుతుంది. స్టేషన్‌కు రెండు వాకిళ్లు: 1వ ప్లాట్‌ఫామ్ వైపు పెద్ద వాకిలి, 8వ ప్లాట్‌ఫామ్ వైపు జ్ఞానాపురం. లాడ్జి ఏ వైపో తెలుసుకోకుండా దిగితే సామానుతో వంతెన ఎక్కాలి, లేదా ఆటోలో చుట్టూ తిరిగి రావాలి. తెల్లవారుజామున దిగేవాళ్లు "24 గంటల చెక్-అవుట్" (చేరిన గంట నుంచి దినం లెక్కగట్టే పద్ధతి) ఉన్న లాడ్జి అడగాలి. స్టేషన్, కాంప్లెక్స్ చుట్టుపక్కల అలాంటివి దొరుకుతాయి. మధ్యాహ్నం 12కే దినం లెక్కగట్టే చోట ఉదయం ఆరింటికి చేరితే, ఆ ఆరు గంటలకు ఒక రోజు అద్దె అడగొచ్చు.

కాంప్లెక్స్, ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట పనుల మీద వచ్చేవాళ్లకు అనువు. సంపత్ వినాయక గుడి దగ్గర గది తీసుకుంటే రోడ్డు వైపు వద్దనండి: కొత్త బళ్లకు పూజలు రోడ్డు మీదే, మంచిరోజుల్లో పొద్దుటి నుంచీ హారన్లు. జగదాంబ, డాబాగార్డెన్స్‌లో తిండికీ కొనుగోళ్లకూ లోటు లేదు, నిశ్శబ్దం మాత్రం ఆశించకూడదు. వన్‌టౌన్ వైపు అద్దెలు తక్కువ. కానీ రేవులో దించే బొగ్గు పొడి గాలితో వస్తుంది. ఆరేసిన తెల్లబట్టలు చెబుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు అటు వెళ్లకపోవడమే మంచిది.

ఋషికొండ చాలా అందమైన తీరం, అందులో సందేహం లేదు. అక్కడ ఉండి సముద్రంతోనే రోజు గడిపేవాళ్లకు ఇంకోచోటు అక్కర్లేదు. అక్కడ ఉండి ఊరు చూద్దామనుకుంటే మాత్రం పొరపాటు. స్టేషన్ నుంచి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. 900కె బస్సు అటుగా పోతుంది గానీ, రాత్రి పొద్దుపోయాక క్యాబ్ దొరకడం కష్టం. పాత వ్యాసాల్లో కనిపించే కొండ మీది హరిత రిసార్ట్‌ను 2021లో కూల్చేశారు, దాని కోసం వెతకొద్దు.

చికిత్స కోసం వచ్చేవాళ్లు ఆసుపత్రిని బట్టే గది తీసుకోవాలి. కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయితే మహారాణిపేట, జగదాంబ. విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, హెల్త్ సిటీలోని ఆసుపత్రులు అయితే హనుమంతవాక, ఆరిలోవ, ఎంవీపీ కాలనీ. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి అయితే గాజువాక, కూర్మన్నపాలెం. సాయంత్రం హైవే మీద ఎన్ఏడీ కూడలి దాటడానికి పట్టే సమయం రోగికి నరకం. వారం పైన ఉండాల్సి వస్తే వంటకు వీలున్న గది అడగండి.

దసరా సెలవులు, డిసెంబరు ఆఖరు వారం, సింహాచలం చందనోత్సవం, గిరిప్రదక్షిణ (భక్తులు కొండ చుట్టూ నడిచే) రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి. గిరిప్రదక్షిణ బాట 32 కిలోమీటర్లు. ఆ దారిలో హనుమంతవాక, ఎంవీపీ వైపు రోడ్లు మూసేస్తారు కాబట్టి ఆ రోజు స్టేషన్‌కు చేరడానికి అదనంగా రెండు గంటలు చేతిలో పెట్టుకోవాలి. ధర అడిగేటప్పుడు పన్ను కలిపి చెప్పమనండి: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ₹7,500 దాకా గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం.

టికెట్ కొనేటప్పుడు రైలు ఎక్కడ ఆగుతుందో చూడండి. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన రైలు హౌరా-చెన్నై దారిలో ముందుకు పోవాలంటే ఇంజన్ అటు తిప్పి తగిలించాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా శివారులోని దువ్వాడ స్టేషన్ మీదుగానే పోతాయి. దువ్వాడ నుంచి ఆర్కే బీచ్ ఇరవై కిలోమీటర్లకు పైనే. అర్ధరాత్రి అక్కడ దిగేవాళ్లు ఆ రాత్రికి గాజువాకలో పడుకుని, పొద్దున బీచ్ వైపు గదికి మారడం మంచిది.